రక్తానికి బదులు రెండు ఫ్రిజ్‌లు

మా ముగ్గురికీ పద్దెనిమిదేళ్ళు ఒకే రోజు నిండాయి, జనవరి ఒకటిన. మేమేమీ ఒక కాన్పులో పుట్టిన వాళ్ళం కాము. నేనూ తిజానీ జఘావా తెగ వాళ్ళం, వాడు మా చిన్నాన్న కొడుకు. అర్బాబ్ మసాలీత్ వాడు. ముగ్గురిదీ సూడాన్‌లోని దార్ఫూరే గానీ మా ఊరికీ వాడి ఊరికీ ఒంటె మీద వారం దారి. మిడతలు పడిన ఏడు పుట్టానని మా అమ్మ చెప్పేది. ఇంగ్లండులో దిగిన రోజు అధికారితో ఆ మాటే చెబితే ఆయన కాసేపు బుర్ర గోక్కుని జనవరి ఒకటి అని రాసుకున్నాడు. మిగతా ఇద్దరికీ అదే రాశాడు. అమ్మానాన్నా వెంట లేకుండా ఈ దేశం చేరిన పిల్లల్లో సగం మంది ఆ రోజే పుట్టారు.

ఆ తారీఖు దాకా మమ్మల్ని సాకే పూచీ నగర కార్యాలయానిది. మూడు పడకగదుల ఇల్లు, వారం వారం ఖర్చులకి డబ్బు, కడుపు నొప్పి వస్తే డాక్టరు. ఆ తారీఖు దాటితే పెద్దవాళ్ళం, మూట సర్దుకోవాలి. డిసెంబరులో గ్లెండా వచ్చి ఆ సంగతి చెప్పింది. గ్లెండా అంటే కార్యాలయం మా మంచీచెడూ చూడమని పెట్టిన మనిషి. యాభై దాటింది, మోకాళ్ళ నొప్పులు. మా మెట్ల మీదే కూలబడి మాట్లాడేది.

"ఒక్కొక్కరికీ ఒక చిన్న ఫ్లాటు, ఇంకొన్నాళ్ళు వారం డబ్బు. ఇల్లు పెట్టుకోడానికి తలా మూడు వేల పౌండ్లు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు నాయనా, మళ్ళీ కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వరు," అంది. "డబ్బు మీ చేతికి రాదు. నేనూ దుకాణానికి వస్తాను. మీరు వేలు పెట్టి చూపించింది నేను కొంటాను. మంచం, ఫ్రిజ్, పొయ్యి, కర్టెన్లు."

"పెళ్ళాన్ని చూపిస్తే కొంటారా?" అన్నాడు అర్బాబ్.

"దాన్ని నీ వారం డబ్బుల్లో కొనుక్కో," అంది గ్లెండా.

అందరం నవ్వాం. ఆ ఇంట్లో మేం కలిసి నవ్వింది అదే ఆఖరు. నేను మాత్రం మంచం గురించే ఆలోచిస్తున్నాను. ఎడారిలో ఇసుక మీద, లిబియాలో సిమెంటు మీద, ఫ్రాన్సులో బురద మీద పడుకున్నవాణ్ణి. పెద్ద మంచం కావాలి. నా ఒక్కడిదీ కావాలి.

మా ఇంట్లో వంట అర్బాబ్‌ది. నల్లగా, దుంగలా ఉండేవాడు. జొన్నసంకటి కెలకడానికి ఒక లావుపాటి కర్ర తనే చెక్కుకున్నాడు. ఎండు బెండకాయ పులుసు పెట్టాడంటే పక్కింటి ముసలాయన కూడా గోడ మీంచి తొంగి చూసేవాడు. గ్లెండా వచ్చి వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం వాడు వంటింట్లో సంకటి కెలుకుతున్నాడు. పెరట్లో తిజాని బంతి కింద పడకుండా కాలితో ఎగరేస్తూ లెక్క పెడుతున్నాడు. మా అరబ్బీలోనే, గట్టిగా. ప్రతి పదికీ గొంతు కాస్త పైకి లేపి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంటున్నాడు. ముప్పై దాటాడు.

వంటింట్లో మూత ఏదో కింద పడింది. అర్బాబ్ చేతిలో కర్రతో పెరట్లోకి వచ్చాడు. కర్ర చివర సంకటి ఇంకా పొగలు కక్కుతోంది.

"ఆపావేం? లెక్కపెట్టు," అన్నాడు.

తిజాని నవ్వి మళ్ళీ మొదలెట్టాడు. అర్బాబ్ కళ్ళు మూసుకుని విన్నాడు. పది దగ్గర గొంతు లేచింది. ఇరవై దగ్గర లేచింది.

"లిబియాలో గోదాంలో నిన్నేమని పిలిచేవాళ్ళురా?"

బంతి దొర్లిపోయి చెత్తడబ్బా కింద ఆగింది. తిజాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లెక్కల పిల్లాడు అనేవాళ్ళు," అన్నాడు.

ఆ గోదాం గురించి నాకూ తెలుసు, నేను ఇంకోదానిలో ఉన్నాను. మనుషుల్ని బంధించి, డబ్బు పంపమని ఇంటికి ఫోను చేయిస్తారు. అవతల అమ్మో నాన్నో ఫోను ఎత్తగానే ప్లాస్టిక్ గొట్టంతో కొడతారు. ఎన్ని దెబ్బలు పడ్డాయో ఇంటివాళ్ళకి తెలియాలి కదా, అందుకని గొంతున్న పిల్లాణ్ణి ఒకణ్ణి పక్కన నిలబెట్టి లెక్క చెప్పిస్తారు. తిజానికి అప్పుడు పదమూడు. లెక్క చెబితే వాడికి రోజుకో రొట్టె, దెబ్బలుండవు. చెప్పనంటే ఆ గొట్టం వాడి మీదే. అర్బాబ్ వాళ్ళన్న ఆ గదిలో పోయాడు. అర్బాబ్ గోడకి ఇవతల ఉండి విన్నాడు. మొహం ఎప్పుడూ చూడలేదు, గొంతే విన్నాడు.

మొదటి దెబ్బ నోటి మీద పడింది. తిజాని ముందు పళ్ళు రెండూ సంకటితో కలిసి గోడకి అంటుకున్నాయి. రెండోది చెవి మీద. వాడు పడిపోయాక అర్బాబ్ కర్ర పారేసి, జుట్టు పట్టుకుని తలని చెత్తడబ్బాకేసి కొట్టాడు. డబ్బా మోగింది. ఎముక ఉన్న చోట మోకాలితో, మెత్తగా ఉన్న చోట పిడికిలితో. నేను వెనక నుంచి అర్బాబ్ నడుం పట్టుకున్నాను. తిజాని నా రక్తం, చూస్తూ నిలబడితే నేను మనిషినే కాను. అర్బాబ్ మోచేత్తో ఒక్కటిచ్చాడు, నా ముక్కు దూలం పక్కకి పోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

గోడ మీంచి పక్కింటి ముసలాయన తల పైకి లేచింది. "కాస్త మెల్లగా కొట్టుకోండర్రా, టీవీ వినపడ్డంలేదు," అన్నాడు.

అర్బాబ్ లేచాడు. రొప్పుతున్నాడు.

"నిన్ను ఇప్పుడు చంపను. పిల్లల్ని చంపడం మా ఇంటావంటా లేదు," అన్నాడు తిజానితో. "జనవరి ఒకటికి మగాడివవుతావటగా, గ్లెండా చెప్పింది. ఆ పొద్దున్నే చంపుతాను."

తర్వాత లోపలికి పోయి పొయ్యి కట్టేశాడు. సంకటి అడుగంటింది.

ఆ రెండు వారాలూ నేను మర్చిపోలేను. అర్బాబ్ వంట మానలేదు. రోజూ మూడు పళ్ళేలు పెట్టేవాడు. తిజాని తినకపోతే పళ్ళెం ముందుకి తోసేవాడు. "తినరా. పద్దెనిమిది నిండాలిగా," అనేవాడు. మెట్ల మీద ఎదురైతే ఒక గుద్దు. స్నానాలగది దగ్గర ఎదురైతే ఒక గుద్దు. గ్లెండాకి చెప్పమని నేను తిజానితో పోరాను.

"చెబితే ఎందుకు కొడుతున్నాడని అడుగుతుంది. ఏం చెప్పను బిషారా? నేనేం చేశానో చెప్పనా?" అన్నాడు. పళ్ళు పోయి మాట గాలితో వచ్చేది.

వాడి గదిలో తలుపు వెనక క్యాలెండరు ఉండేది. మొదట రోజులు కొట్టేసుకుంటూ వచ్చాడు. క్రిస్మస్ నుంచి అదీ మానేశాడు.

డిసెంబరు ముప్పై ఒకటి మధ్యాహ్నం అర్బాబ్ ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. నేను బల్ల దగ్గర కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాను. తిజాని లోపలికి వచ్చి, గిన్నెల పక్క నుంచి మాంసం కోసే కత్తి తీసుకుని, ఏమీ అనకుండా అర్బాబ్ పొట్టలో దింపాడు. లాగి ఇంకోసారి ఎత్తితే అర్బాబ్ చెయ్యి అడ్డం పెట్టాడు, అది ముంజేతిని చీల్చుకుంటూ పోయింది. ఉల్లిపాయలు నేలంతా దొర్లాయి. అర్బాబ్ పొయ్యికి చేరబడి మెల్లగా కిందికి జారాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు వాడు.

"రేపు కదరా," అన్నాడు తిజానితో.

నేను తువ్వాలు ఉండచేసి పొట్టకేసి అదిమిపట్టాను. అది తడిసిపోతే ఇంకోటి. తిజాని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంబులెన్సుకి ఫోను చేసింది వాడే. చిరునామా మాత్రం రెండుసార్లు తప్పు చెప్పాడు.

ఆస్పత్రిలో పోలీసులు అడిగితే అర్బాబ్ తనని బస్టాపు దగ్గర ఎవరో ముసుగులేసుకున్న వాళ్ళు పొడిచారని, ఎలాగో ఇంటికి నడిచొచ్చానని చెప్పాడు. నేనూ అదే చెప్పాను. అప్పటికే నేల కడిగేశాను, కత్తి ఊరి పక్క సముద్రంలో ఉంది. వాడు తిజానిని ఎందుకు కాపాడాడో నాకు తెలుసు, సంబరపడే విషయమేమీ కాదు. తన పగని పోలీసుల చేతుల్లో పెట్టడం వాడికి ఇష్టం లేదు, అంతే. జనవరి ఒకటిన ఆస్పత్రి వసారాలో గ్లెండా నాకూ తిజానికీ బెలూను బొమ్మలున్న కార్డులిచ్చింది. అర్బాబ్ కార్డు వాడి దిండు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది.

రెండో వారంలో ఖమీస్ దిగాడు. వేరే ఊళ్ళో ఉండే మసాలీత్ వాడు, అర్బాబ్‌కి వేలు విడిచిన మేనబావ. వెంట ఇంకొకడు. ఖమీస్ చేతిలో బరువైన సంచి. నేను పరుగున హాజ్ యాగూబ్ దగ్గరికి పోయాను. ఈ ఊళ్ళో సూడాన్ వాళ్ళందరికీ ఆయనే పెద్ద, హలాల్ మాంసం కొట్టు నడుపుతాడు. పెళ్ళి సంబంధం దగ్గర్నుంచి శవం ఇంటికి పంపడం దాకా అన్నీ ఆ కొట్టు వెనక గదిలోనే తేలతాయి.

అందర్నీ అక్కడే కూర్చోబెట్టాడు. చుట్టూ చర్మం వొలిచిన మేకలు వేలాడుతున్నాయి. అర్బాబ్ పొట్ట పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు, సగానికి సగం చిక్కిపోయాడు. తిజాని నేల మీద.

"ఆ సంచి అక్కడ కొక్కేనికి తగిలించి రా అబ్బాయ్," అన్నాడు హాజ్ ఖమీస్‌తో. "మేక పక్కన. నా గదిలో కత్తులు నావే ఉంటాయి."

ఖమీస్ తగిలించాడు. "ఒక ప్రాణం, ఒక కత్తిపోటు. మాకు వాడు కావాలి," అన్నాడు.

"ప్రాణం తీసినవాళ్ళు లిబియాలో ఉన్నారు. బానిస నాలుక యజమానిదిరా. ఆ లెక్క వీడి మీద రాయలేం," అన్నాడు హాజ్. "కత్తిపోటు మాత్రం వీడిదే. దానికి దియా కట్టాలి. చచ్చిన అన్న కోసం పైన ఇంకొంత కట్టాలి, అది కోపం చల్లారడానికి. రెండూ కలిపి, వీడికీ వీడి తెగకీ ఉన్నదంతా."

దియా అంటే రక్తానికి వెల. మా వైపు దాన్ని తప్పు చేసినవాడు ఒక్కడే కట్టడు, తెగంతా కలిసి కడుతుంది. అలా అయితేనే తెగంతా కలిసి వాణ్ణి అదుపులో పెడుతుందని పెద్దల లెక్క. హాజ్ నా వైపు తిరిగాడు.

"ఈ ఊళ్ళో మీ తెగవాళ్ళు ఎంతమందిరా?"

"నేనొక్కణ్ణే, బాబాయ్."

"అయితే తెగంతా నువ్వే."

నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తి పట్టింది నేను కాదు, లెక్క పెట్టింది నేను కాదు. నా మంచం ఎందుకు పోవాలి? అక్కడే అరిచాను కూడా. హాజ్ గడ్డం నిమురుకుంటూ నా అరుపు అయిపోయేదాకా ఆగాడు. తర్వాత కొక్కేనికున్న సంచి వైపు చూశాడు. నేనూ చూశాను. తిజాని తల ఎత్తలేదు.

"మా చేతికి డబ్బు రాదు. సామానే వస్తుంది, అదీ గ్లెండా కొంటేనే," అన్నాను.

"మన తాతలు ఒంటెలిచ్చారు. ఒంటెలు మాత్రం నోట్లా? సామానే ఇవ్వండి."

"రెండు ఫ్రిజ్‌లు ఎక్కువొస్తే వీడేం చేసుకుంటాడు?" అన్నాడు ఖమీస్.

"వంద ఒంటెలు పెట్టుకుని మీ తాత ఏం చేసుకున్నాడురా? లెక్క చూసుకుని పడుకున్నాడు." హాజ్ లేచి పవిత్ర గ్రంథం తెచ్చాడు. "దియా పుచ్చుకున్నాక ఈ మాట ఈ గది దాటకూడదు. ఎవరి నోటైనా బయటపడిందా, దియా చెల్లదు, సామాను తిరిగిపోతుంది, పగ మళ్ళీ లేస్తుంది. చేతులు పెట్టండి."

పెట్టాం. అర్బాబ్ అందరికన్నా చివర పెట్టాడు.

జనవరి ఆఖర్లో ఫ్లాట్లు ఇచ్చారు. గ్లెండా నన్ను ఊరి చివర పెద్ద దుకాణానికి తీసుకెళ్ళింది. నాకన్నా ఆవిడే ఎక్కువ ముచ్చటపడింది. కర్టెన్ల రంగు గురించి అరగంట మాట్లాడింది. మంచాల దగ్గర నన్ను ఆపి, "ఒకసారి పడుకుని చూడు నాయనా, సిగ్గెందుకు," అంది. పడుకున్నాను. బూట్ల కింద ప్లాస్టిక్ కాగితం కరకరలాడింది. పైన ట్యూబులైట్లు. ఆ చలికాలమంతా నా మంచం మీద నేను పడుకున్నది ఆ అయిదు నిమిషాలే. ఏడుపొచ్చి దగ్గినట్టు చేశాను.

సామాను మా ఫ్లాట్లకి వచ్చిన రోజే హాజ్ మాంసం వ్యానులో వేసుకుని అర్బాబ్ ఇంటికి మోశాం, నేనూ తిజానీ. రెండు ఫ్రిజ్‌లు, రెండు పొయ్యిలు, రెండు మంచాలు, కర్టెన్లతో సహా. అర్బాబ్ తలుపు తీసి, ఏది ఎక్కడ పెట్టాలో గడ్డంతో చూపించాడు. వాడి సామాను వాడికి ఉండనే ఉంది. మూడు మంచాలు గోడకి నిలబెట్టాక ఆ గదిలో వాడు కూర్చోడానికి గుమ్మం ఒక్కటే మిగిలింది.

ఫిబ్రవరిలో మంచు పడింది. కోటు కింద పరుచుకుంటే పైన చలి, పైన కప్పుకుంటే కింద చలి. ఖమీస్ వెళ్ళిపోయాడు. తిజాని బతికున్నాడు. దానికే కట్టాననుకుని పళ్ళు కొరుక్కునేవాణ్ణి.

ఆ నెల మధ్యలో గ్లెండా చెప్పాపెట్టకుండా నా ఫ్లాటుకి వచ్చింది. ఒక కోటు, ఒక గిన్నె చూసింది.

"మంచం ఏది?"

"అమ్మేశాను."

"ఎవరికి?"

నేను కిటికీ వైపు చూశాను. తిజాని ఇంట్లోనూ అదే చూసింది, అదే విన్నది. తర్వాత అర్బాబ్ ఇంటికి వెళ్ళింది. అక్కడ మూడు మంచాలు, మూడు ఫ్రిజ్‌లు, ఒకే రకం కర్టెన్లు రెండు జతలు, అవీ తను ఏరి కొన్నవే. పాపం, ఆవిడకి వచ్చిన అనుమానం ఎవరికైనా వస్తుంది. బక్క కుర్రాళ్ళని బెదిరించి వాళ్ళ సామాను లాక్కునే రౌడీ. తిజాని విరిగిన పళ్ళు, నా వంకర ముక్కు ఆవిడ ఇదివరకే చూసి మనసులో పెట్టుకుంది. పైగా ఆ రౌడీని ముసుగువాళ్ళు పొడిచారు, అంటే ముఠా ఉండే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే పోలీసులు అర్బాబ్ తలుపు పగలగొట్టారు. తీయమని అరిచారట, వాడు గుమ్మానికి అడ్డంగా ఉన్న మంచం జరుపుతున్నాడట. తలుపు మంచం మీద పడింది, మంచం వాడి మీద పడింది. ముగ్గురు వాడి మీద మోకాళ్ళేసి చేతులు వెనక్కి విరిచారు. ఎదురింటి అమ్మాయి ఫోనులో తీసిన వీడియో చూశాను. వాణ్ణి లేపి నిలబెట్టాక పొట్ట గాయం దగ్గర చొక్కా ఎర్రబడుతూ ఉండటం అందులో కనిపిస్తుంది. స్టేషనులో వాడు ఒక్క ముక్కే చెప్పాడు, వాళ్ళిద్దరూ బహుమతిగా ఇచ్చారని.

గ్లెండా నా ఫ్లాటుకి వచ్చి నేల మీదే కూర్చుంది. "వాడిక మిమ్మల్నేం చెయ్యలేడు నాయనా. జరిగింది చెప్పండి చాలు. విచారణ తేలేదాకా ముగ్గురి వారం డబ్బూ ఆపేశారు, తేలితే మీ ఇద్దరిదీ మళ్ళీ ఇప్పిస్తాను. సామాను కూడా వెనక్కి ఇప్పిస్తాను."

ఆవిడ వెళ్ళగానే తిజానితో నేనేమన్నానో చెబుతాను, దాచుకుని ప్రయోజనం లేదు. "మన పంట పండింది. నోరు మూసుకుని కూర్చో. వాడు లోపలికి పోతాడు, నీ ప్రాణం దక్కుతుంది, నా మంచం నాకొస్తుంది," అన్నాను. నిజంగా సంతోషించాను.

తిజాని కుళాయి కింద మొహం కడుక్కుంటున్నాడు. ఉన్న రెండు చొక్కాల్లో ఉతికింది వేసుకున్నాడు.

"బస్సుకి డబ్బులున్నాయా?"

"ఎక్కడికి?"

"స్టేషనుకి."

ఒక్కటి పీకాను. లేవబోతే తన్నాను. గుండెల మీద కూర్చుని రెండు చెంపలూ వాయించాను. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దాంతో నాకు ఇంకా పిచ్చెక్కింది. "వాడు నీకేమవుతాడురా? నువ్వు నా రక్తం. నీకోసం కటిక నేల మీద పడుకుంటున్నాను. ఏడాది దాటి జైలు పడితే ఈ దేశంలో ఉండనిచ్చే నీ కాయితాలు కూడా పోతాయి. మాట బయటపడితే పగ లేస్తుంది. జైల్లోంచి వచ్చిన రోజే చంపుతాడు," అని అరిచాను.

"బిషారా, అక్కడ గోదాంలో నన్నెవరూ అడగలేదు చెప్తావా లేదా అని," అన్నాడు కింద నుంచి. పెదవి చిట్లి నెత్తురు చెవి వైపు కారుతోంది. "ఇక్కడ గ్లెండా అడుగుతోంది. లే, ఊపిరాడ్డంలేదు."

లేచాను. జేబులో ఉన్న చిల్లర ఇచ్చాను. వాడు చొక్కా దులుపుకుని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే బస్సు కోసం వరసలో నిలబడ్డాడు, ముందు ఎవరో ముసలావిడ ఉంటే ఆవిణ్ణి ఎక్కనిచ్చి తర్వాత ఎక్కాడు.

స్టేషనులో వాడి పెదవి చూసి మొదట అది కూడా అర్బాబ్ ముఠా పనే అనుకున్నారట. కాదు, పొడిచింది తనేనని, సామాను దియా కింద ఇచ్చిందేనని వాళ్ళ బుర్రకెక్కించడానికే గంట పట్టింది. మూడో రోజు అర్బాబ్‌ని వదిలేశారు, తిజాని మీద కేసు పెట్టారు. కేసు తేలేదాకా బయట ఉంచడానికి జడ్జి ఒప్పుకున్నాడు, కానీ ఉండటానికి ఒక చిరునామా కావాలన్నాడు. కేసు పడిందని తిజాని ఫ్లాటుకి కార్యాలయం వాళ్ళు అప్పటికే తాళం మార్చేశారు.

అప్పుడు గ్లెండా నాకు ఫోను చేసింది. గొంతు అదోలా ఉంది. "అర్బాబ్ ఆఫీసుకి వచ్చాడు. తిజానికి తన చిరునామా రాసుకోమంటాడు. పొడిచినవాణ్ణి పొడిపించుకున్నవాడి ఇంటికి పంపుతారా ఎక్కడైనా? అర్బాబ్ గడపకి వంద గజాల దూరంలో కూడా తిజాని కనబడకూడదని జడ్జి రాశాడు. ఎంత చెప్పినా కదలడు. మీ వాళ్ళ సంగతి నాకు ఒక్క ముక్క అర్థం కావడంలేదు బిషారా. నీ చిరునామా ఇవ్వనా?"

ఇమ్మన్నాను. తన ఇంట్లోనే చంపడానికి వీలుగా ఉంటుందని అర్బాబ్ అడిగాడనే అనుకున్నాను.

ఆ సాయంత్రం మెట్ల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. తలుపు తీస్తే అర్బాబ్. వీపు మీద మంచం చట్రం, మూడంతస్తులు ఒక్కడే మోసుకొచ్చాడు. చొక్కా మీద పొట్ట దగ్గర రూపాయంత ఎర్రటి మరక. లోపలికొచ్చి కింద పెట్టి గోడ పట్టుకున్నాడు.

"మిగతాది హాజ్ వ్యానులో ఉంది. దియా తిరిగిచ్చేస్తున్నా. వాడు మాట బయటపెట్టాడు," అన్నాడు.

"అంటే పగ లేచినట్టేనా?"

"లేచినట్టే."

జేబులోంచి మరలు తీశాడు. స్పానర్ నా చేతికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని మంచం కాళ్ళు బిగించడం మొదలెట్టాడు. నాకు వీపు చూపిస్తూ, మెడ వంచి. స్పానర్ బరువుగా ఉంది. ఒక్క దెబ్బ చాలు, తిజాని బతుకుతాడు, మసాలీత్ వాడొకడు తగ్గుతాడు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని చెప్పను. చెయ్యి పైకి కూడా లేచింది. కొట్టేముందు వాడి నోటంట వినాలనిపించింది.

"వాణ్ణి చంపుతావా?"

అర్బాబ్ తిరగలేదు. వేళ్ళతోనే మర తిప్పుతున్నాడు.

"ఆ గదిలో చివరిదాకా మా అన్న పక్కన ఉన్నది వాడొక్కడే," అన్నాడు. "నీళ్ళడిగాడా, అమ్మని పిలిచాడా, నా పేరు తీశాడా, ఎవర్నడగాలి నేను? ఖమీస్‌ని అడగనా? హాజ్‌ని అడగనా? దియా పుచ్చుకుంటే ఇక నోరెత్తకూడదన్నారు. రెండు ఫ్రిజ్‌లు మొహాన కొట్టి నా నోరు కట్టేశారు మీరంతా. ఇప్పుడు దియా లేదు. కేసు అయిపోనీ, జైలుకే పోనీ. వాణ్ణి కూర్చోబెట్టి అడుగుతాను. రోజుకొక్కటి అడుగుతాను. అన్నీ చెప్పేదాకా వాడికేం కాకూడదు. ఇంట్లో బాగా చలిగా ఉంది, హీటరు వేసి పెట్టు."

"అన్నీ చెప్పాక?"

వాడు చెయ్యి వెనక్కి చాపాడు. "స్పానర్ ఇటివ్వు."

ఇచ్చాను. వాడు నాలుగు కాళ్ళూ బిగించి, మంచం ఊపి చూసి, ఒక కాలు మళ్ళీ బిగించాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. దిండు ఇంట్లో మర్చిపోయానని, రేపు తెస్తానని చెప్పి మెట్లు దిగాడు.